మంచినీళ్ల తొట్టి

ఆ రోజు ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నేను మా ఆఫీసు వెనక ఉన్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకు మూత తీసి లోపలికి చూశాను. అడుగున జానెడు నీళ్లున్నాయి. మూత పెట్టేశాను. రెండోసారి చూస్తే ఎక్కువ కనబడతాయేమోనని మళ్లీ తీశాను. జానెడే ఉన్నాయి.

పోయిన నెల కర్మన్‌ఘాట్‌లో ఒక ఇంటికి దినానికి వెళ్లాను. పోయినాయన నాతో చాలా ఏళ్లు ఒకే గదిలో పనిచేశాడు. భోజనాలయ్యాక ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ చేపల ముచ్చట జెప్పు వదినా, మా పిల్లలకు సక్కగ తెల్వదు" అంది. చెప్పాను. అందరూ నవ్వారు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వి, తర్వాత లోపలికి వెళ్లి కాసేపు బయటికి రాలేదు. ఇంటికొచ్చాక, ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం దీన్ని రాసిపెడితే బాగుండుననిపించింది. ఆయన గురించి పొగడ్తలు రాయను. బతికి ఉండగా పొగిడితే చిరాకుపడే మనిషి.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. విదేశంలో తయారైన కొత్త పురుగుమందు మన దేశంలోకి రావాలంటే ఢిల్లీలో ఒక కమిటీ ఒప్పుకోవాలి. కంపెనీ తను చేయించిన పరీక్షల రిపోర్టులు అట్టపెట్టెల నిండా పంపుతుంది. మనిషికి ఏమవుతుంది, మట్టిలో ఎన్నాళ్లుంటుంది, తేనెటీగకు ఏమవుతుంది, చేపకు ఏమవుతుంది. కమిటీకి ఎక్కడైనా సందేహం వస్తే ఆ ఒక్క పరీక్షను ఇక్కడ మళ్లీ చేయించి చూస్తుంది. అలా చేసే చోట్లలో మాది ఒకటి, బహుశా అన్నిటికంటే చిన్నది. ఎల్బీనగర్ చౌరస్తాకు ఇవతల, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే సందులో, కిరాయికి తీసుకున్న ఇల్లు. వంటగదిలో నా పరికరాలు. హాల్లో చేపల తొట్లు. పూజగదిలో పాత ఫైళ్లు.

నేను రసాయనాల మనిషిని. నీళ్లలో మందు ఎంత ఉందో కొలవడం నా పని. చేపలు ఆయనవి. చేపను చూసి దానికి ఒంట్లో ఎలా ఉందో చెప్పేవాడు. నన్ను చూసి కూడా చెప్పేవాడు. "ఏంది మేడం, ఇయ్యాల దిల్‌సుఖ్‌నగర్ల కరెంటు పోయిందా, నిద్ర పోలేదు మీరు" అనేవాడు. మాది కృష్ణా జిల్లా. పెళ్లయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి అక్కడే ఉండిపోయాం. ఆయనది పెద్ద అంబర్‌పేట్ దాటాక ఉండే పల్లె. ఆయన అన్నదమ్ములు ఆ ఊరి చెరువులో చేపలు పట్టే సంఘంలో ఉన్నారు. చెరువు పైన అంతా వరి.

తెలంగాణ సమ్మె నడుస్తున్న రోజులవి. సమ్మెకు కొన్ని వారాల ముందు ఢిల్లీ నుంచి మాకొక కొత్త మందు వచ్చింది. వరిలో చల్లేది. చేపకు ప్రమాదం లేదని కంపెనీ రిపోర్టు. ఆ రిపోర్టును ఆయన సాయంత్రం దాకా చదివి, కళ్లద్దాలు తీసి నా బల్ల మీద పెట్టాడు.

"మేడం, గిది చల్లటి దేశంల, చల్లటి నీళ్లల్ల, ఆడి చేప మీద చేసిన్రు. మన బొచ్చె చేప పిల్ల స్వెటరేసుకోని తిరుగుతదా?"

ఆయనకు ఇది వట్టి కబురు కాదు. అంతకు కొన్నేళ్ల ముందు, వేరే మందు చల్లిన వారంలో వాళ్ల చెరువులో చేపలు తెల్లగా తేలాయి. సంఘంలో వాళ్లు ఆ ఏడు వల వేయలేదు. ఆ మందుకు అనుమతి ఇచ్చేటప్పుడు మన నీళ్లలో, మన చేప మీద ఎవరూ చూడలేదు. చూడాల్సిన ఉద్యోగంలోకి ఆ ఇంటివాడే వచ్చాడు. ఈసారి చూడకుండా పోనివ్వనని ఆయన నాతో అనలేదు. రోజూ పొద్దున్నే వచ్చి తొట్లు తనే కడగడం మొదలుపెట్టాడు. అంతే.

పరీక్ష నాలుగు రోజులది. ఆరు తొట్లు, తొట్టికి పది చేప పిల్లలు. అయిదింటిలో కొద్దికొద్దిగా పెంచుతూ మందు కలుపుతాం. ఒకదానిలో ఏమీ కలపం. దాన్ని మేం మంచినీళ్ల తొట్టి అనేవాళ్లం. మందు తొట్టిలో చేప చస్తే అది మందు వల్లే చచ్చిందని చెప్పాలంటే మంచినీళ్ల తొట్టిలో చేపలు బతికి ఉండాలి. పదిలో ఒకటి పోతే ఒప్పుకుంటారు. రెండోది పోతే మొత్తం పరీక్ష చెల్లదు. నీళ్లు రోజూ మార్చాలి, మొదటి రోజు ఏ నీళ్లు వాడితే చివరిదాకా అవే వాడాలి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, మా బోరు నీళ్లు ఉప్పు. అందుకని పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక తోట బోరు నుంచి ట్యాంకరులో తెప్పించుకునేవాళ్లం.

ఇంకొక ఆచారం ఉండేది. అది ఏ నియమాల పుస్తకంలోనూ లేదు. పరీక్ష అయ్యాక మంచినీళ్ల తొట్టి చేపలకు పదవీ విరమణ సభ జరిపేవాళ్లం. మిర్చి బజ్జీలు తెప్పించుకుని, ఆయన రెండు మాటలు మాట్లాడి, ఆ పది చేపలను పాలిథిన్ సంచిలో గాలి పట్టి కట్టి, సాయంత్రం ఇంటికి పోతూ తన ఊరి చెరువులో వదిలేవాడు. "సర్కారు నౌకరి జేసినయ్, పెన్షన్ ఇయ్యకపోతె ఎట్ల" అనేవాడు. మా పెద్దసారు, అంటే ఆఫీసరు, బజ్జీలు తినేవారు గానీ సభను గుర్తించేవారు కారు.

సమ్మె మొదలయ్యేనాటికి పరీక్ష మొదలుకాలేదు. చేపలు అప్పటికింకా మా నీళ్లకు అలవాటు పడుతున్నాయి. మా ఆఫీసులో సమ్మె సంఘం నాయకుడు ఆయనే. మొదటి రోజు గేటు దగ్గర ముగ్గుపిండితో ఒక గీత గీసి, అందరి ముందూ, సమ్మె అయ్యేదాకా ఈ గీత దాటనని మాటిచ్చాడు. తర్వాత సందు చివర చాయ్ బండి దగ్గరికి నన్ను పిలిచాడు.

"మేడం, మీరు సమ్మెల లేరు. చేపలు గూడ లేవు. పరీక్ష ఆగొద్దు."

"నాకు చేపలు రావు కదా, సార్."

"నేను జెప్త. గోడ మీదికెల్లి జెప్త."

అలాగే చెప్పాడు. మా హాలు కిటికీ ప్రహరీ గోడకు ఎదురుగా ఉండేది. ఆయన అవతల రెండు ఇటుకల మీద నిలబడితే తల గోడ పైకి కనిపించేది. పొద్దున ఊరేగింపు, మధ్యాహ్నం రోడ్డు మీద వంటావార్పు, మధ్యలో గోడ దగ్గరికి వచ్చి ఆ తల అడిగేది. "ఎట్లున్నయ్ మేడం? మొప్పలు జోరుగ కొట్టుకుంటున్నయా? వల గట్ల ముంచకుర్రి, అన్నం గంటె కాదది." నేను చేపను గాజు జాడీలో పట్టి కిటికీలోంచి చూపించేదాన్ని. సందులో పోయేవాళ్లు ఒక ఉద్యమ నాయకుడు గోడెక్కి ఆఫీసు మేడంతో చేప గురించి పోట్లాడడం చూసి నెమ్మదిగా నడిచేవాళ్లు.

పరీక్ష రెండో రోజు మంచినీళ్ల తొట్టిలోంచి ఒక పిల్ల ఎగిరి నేల మీద పడి చచ్చిపోయింది. అది మందు వల్ల కాదు, నీళ్ల వల్ల కాదు, దూకుడు వల్ల. అయినా చావు చావే, రాయాలి.

"జాలీ మూత పెట్టమన్న గద" అంది గోడ మీది తల.

"పెట్టాను. అది మూత పక్క ఖాళీలోంచి దూకింది."

"మీ కృష్ణా జిల్లా చేపై ఉంటది."

నవ్వాం గానీ, ఇక మాకు చావుల కోటా అయిపోయింది. ఇంకొకటి పోతే పరీక్ష పోయినట్టే. కమిటీ వచ్చే వారమే కూర్చుంటుంది. మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు. మా రిపోర్టు అందకపోతే వాళ్ల చేతిలో మిగిలేది ఆ చల్లటి దేశపు రిపోర్టే.

ఆ రోజు సాయంత్రం రావాల్సిన ట్యాంకరు రాలేదు. మర్నాడు పొద్దున్నే వస్తానని డ్రైవరు ఫోను చేశాడు. మర్నాడే నేను ట్యాంకు మూత తీసి రెండుసార్లు చూసింది.

తొమ్మిది దాటాక డ్రైవరు మళ్లీ ఫోను చేశాడు.

"మేడం, ఎల్బీనగర్ చౌరస్తా కాడున్న. తాడు గట్టిన్రు. ముంగట లారీ, ఎనక లారీ. ఇటు రాను, అటు పోను."

నేను తొట్ల వైపు చూశాను. మంచినీళ్ల తొట్టిలో తొమ్మిది పిల్లల్లో ఒకటి పైకి వచ్చి నోరు తెరుస్తోంది, మళ్లీ మెల్లగా కిందికి పోతోంది. నిన్నటి నీళ్లు పాతబడ్డాయి. ఆ ఒక్కటి ముందు నుంచీ నీరసంగా ఉండేది. గోడ మీది తల దానికి పెద్దసారు అని పేరు పెట్టింది. "గాలి కోసం పైకొస్తడు, ఎవ్వలన్న సూస్తె కిందికి పోతడు" అని కారణం కూడా చెప్పింది.

అసలు పెద్దసారు ఆ సమయంలో నా వెనకే నిలబడి ఉన్నారు. చెడ్డవారు కారు. గొడవలంటే భయం. "వదిలెయ్యమ్మా. పరిస్థితుల వల్ల సాధ్యం కాలేదని రాసేద్దాం. ఎవరూ తప్పుపట్టరు" అన్నారు.

ఎవరూ తప్పుపట్టరన్న మాట నిజమే. నేను చెప్పులు వేసుకుని చౌరస్తాకు నడిచాను.

ఆ రోజు కార్యక్రమం మానవహారం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు పొడుగునా జనం చేతులు పట్టుకుని నిలబడ్డారు. బడి పిల్లలు, ఆటోవాళ్లు, లాయర్లు, చంపాపేట్ నుంచి వచ్చిన ఆడవాళ్ల గుంపు. చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా పసుపుపచ్చ నైలాన్ తాడు. తాడు పక్కన గులాబీ కండువా వేసుకుని, గొంతు పోయి, మా చేపల మనిషి. తాడు అవతల లారీల మధ్యలో మా ట్యాంకరు. తాడు ఎక్కడ కట్టాలో, ఎప్పుడు కట్టాలో మూడు రోజుల ముందు నిర్ణయించిన మనిషికి, తన చేపల నీళ్లు కూడా ఆ తాడు అవతలి నుంచే వస్తాయన్న సంగతి గుర్తు రాలేదు.

"సార్, ట్యాంకరు" అన్నాను.

ఆయన తాడు అవతలికి చూశాడు. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి లోపలే మరిచిపోయినవాడి ముఖం.

"పెద్దసారు ఎట్లున్నడు?"

"పైకి వచ్చి నోరు తెరుస్తున్నాడు."

పక్కన ఉన్న కుర్రనాయకుడు కంగారుపడ్డాడు. "అయ్యో, దవాఖానకు తోల్కపోవాల్నా అన్నా? అంబులెన్సయితే ఇడుస్తం."

"గాయన చేపరా" అన్నాడు ఈయన.

ఆ యువకుడికి మొత్తం చెప్పాల్సి వచ్చింది. అంతా విని తల అడ్డంగా ఊపాడు. "అన్నా, పొద్దుగాల పెండ్లి కారునే ఆపినం. పెండ్లిపిల్ల నడుసుకుంట పోయింది. ఇప్పుడు మీ ఆఫీసు బండి ఇడిస్తె మనల్ని ఏమంటరు? చెప్పింది మీరే గద, అంబులెన్సు తప్ప ఏ బండి దాటొద్దని."

ఆ యువకుడు చెప్పింది న్యాయమే. పైగా తాడు విప్పినా ట్యాంకరు కదిలే చోటు లేదు. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నా గొంతు తగ్గుతుంది.

"మీ చెరువు కోసమే కదా, సార్, ఇదంతా" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. చేతులు పట్టుకుని నిలబడ్డ జనం వైపు చూస్తున్నాడు. చౌరస్తా నుంచి మా సందు మలుపు దాకా ఆ వరస వెళ్తుంది. చివరికి పోయిన గొంతుతో అన్నాడు.

"బండి దాటదు. బండి దాటొద్దన్న. నీళ్లు దాటొద్దన్ననా?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ యువకుడికి ముందే అర్థమైంది. నవ్వడం మొదలుపెట్టాడు.

చిక్కల్లా బకెట్ల దగ్గర వచ్చింది. వంటావార్పు కోసం తెచ్చిన గుండిగలు చాలా ఉన్నాయి. అన్నిటికీ నూనె, పసుపు. చేపలకు పనికిరావు. మా సందు మొదట్లో ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ఉండేది. యజమానిది గుంటూరు. సమ్మె రోజులన్నీ షట్టరు దించి, పక్క తలుపు ఓరగా తీసి లోపల పేపరు చదువుకునేవాడు. నేను తలుపు కొట్టాను.

"కొత్త బకెట్లు కావాలండీ. ఎన్నుంటే అన్ని. మళ్లీ ఇచ్చేస్తాం."

"మేడం గారూ, మీకు దణ్ణం పెడతాను. బందు రోజు షట్టరెత్తితే రాయేసి పోతారండీ. పిల్లలు గలవాణ్ణి."

నా వెనకనుంచి కండువా ముందుకొచ్చింది. "షట్టరెత్తు సేటూ. రాయేస్తె నా మీద వెయ్యమను. నేనీడ్నే నిలబడ్త."

"బందు చేయించేది మీరే, తెరవమనేది మీరే. మేం ఎలా బతకాలో మీరే చెప్పండి అన్నా."

"ఇయ్యాలటికి నీళ్లు మోసి బతుకుదం. రా."

షట్టరు సగం లేచింది. బకెట్లన్నీ బయటికి వచ్చాయి, ఎర్రవి, నీలివి, ధర చీటీలతో సహా. దుకాణదారు షట్టరు మళ్లీ దించి, తాళం వేసి, ఏమనుకున్నాడో, చీటీలు పీకుతూ వరసలో నిలబడ్డాడు. ఒక పక్క లాయరు, ఇంకో పక్క చంపాపేట్ నుంచి వచ్చిన పూలమ్మే అవ్వ.

నేను వరస పొడుగునా నడుస్తూ నియమాలు చెప్పాను. బకెట్లు ముందు ఇవే నీళ్లతో రెండుసార్లు తొలవాలి. నీళ్లలో వేలు ముంచకూడదు. తంబాకు నలిపిన చేత్తో అంచు పట్టుకోకూడదు. సబ్బు అసలే వద్దు. నేను చెప్పింది శుభ్రత గురించి. జనం దాన్ని మడి అనుకున్నారు. నేను వెనక్కి తిరిగి వచ్చేసరికి చాలామంది చెప్పులు విప్పేసి పక్కన పెట్టుకున్నారు. వద్దని చెప్పబోయి మానుకున్నాను. చెప్పులు లేకపోతే చేపకు నష్టం లేదు.

"ఎవరికి బిడ్డా గీ నీళ్లు?" అని అవ్వ అడిగింది.

"చేపలకవ్వా" అన్నాడు ఆయన.

"చేపలకు నీళ్లు లేవా? మరి ఇప్పటిదాంక ఏంట్ల ఉన్నయ్?"



డ్రైవరు ట్యాంకరు గొట్టం విప్పాడు. మొదటి బకెట్ తాడు కింద నుంచి ఇవతలికి వచ్చింది. పట్టుకున్న ప్రతివాడూ "జై తెలంగాణ" అని పక్కవాడికి అందించాడు. అది ఎవరూ చెప్పి చేయించింది కాదు. అన్నాళ్లుగా ఆ రోడ్డు మీద ఏ పని మొదలైనా ఆ మాటతోనే మొదలైంది. దుకాణదారు మాత్రం మొదట్లో "పట్టండి, పట్టండి" అని అందించాడు. కొంతసేపయ్యాక రెండూ కలిపి అనడం విన్నాను.

మధ్యలో ఇన్‌స్పెక్టరు వచ్చి ఆగాడు. "ఏంది గిది? మానవహారమని పర్మిషన్ తీసుకున్నరు. గీ బకెట్లేంది?"

"చేపలకు నీళ్లు సార్."

"ఏ చేపలకు?"

"సర్కారీ చేపలకు సార్. మీ లెక్కనే డ్యూటీల ఉన్నయ్."

ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. నేను గుర్తింపు కార్డు చూపించి, నాకు చేతనైనంత క్లుప్తంగా చెప్పాను. ఆయన పూర్తిగా వినలేదనుకుంటాను. సందు మలుపులో వరసకు ఒక మనిషి తక్కువైంది. అక్కడ నీళ్లు ఒలుకుతున్నాయి. ఇన్‌స్పెక్టరు ఒక కానిస్టేబులుకు అటు సైగ చేసి, తను ఇటు తిరిగి నిలబడ్డాడు. కానిస్టేబులు లాఠీ చంకలో పెట్టుకుని బకెట్ అందుకున్నాడు. ఆ కానిస్టేబులు దగ్గర మాత్రం బకెట్ మాట లేకుండా దాటింది.

మా గేటు దగ్గర వరస ముగ్గుపిండి గీత వరకే వచ్చింది. గీతకు అవతల చివర మా చేపల మనిషి. ఇవతల మొదటి మనిషిని నేను. ఆయన మునివేళ్లు గీతకు తాకకుండా నిలబడి, నడుము వంచి, బకెట్ గీత మీదుగా చాచేవాడు. గేటు నుంచి హాలు మీదుగా వెనక ట్యాంకు దాకా మనుషులు కావాలి. మెట్ల మీద పెద్దసారు నిలబడి ఉన్నారు.

"సార్, ఒక చెయ్యి వేయండి" అన్నాను.

"నేను ఆఫీసర్నమ్మా. దీంట్లో పాల్గొన్నానని పైకి రాస్తారు."

"గీత లోపలున్నారు కదా సార్. లోపల నీళ్లు మోయడం ఆఫీసు పనే."

ఆయన కాసేపు ఆలోచించారు. నియమాల ప్రకారం దానిలో దోషం కనబడలేదు. చేతి గడియారం తీసి జేబులో పెట్టుకుని బకెట్ అందుకున్నారు. ఆ తర్వాత ప్రతి బకెట్‌కూ "జాగ్రత్త, జాగ్రత్త" అన్నారు. రోడ్డు మీద ఒక నినాదం, మా మెట్ల మీద ఒక నినాదం.

"మేడం" అన్నాడు గీత అవతలి మనిషి, బకెట్ అందిస్తూ. "మీరు గూడ మానవహారంల ఉన్నరు. పేరు రాసుకుంటున్నం."

"నేను నీళ్లు పట్టుకున్నాను. చెయ్యి పట్టుకోలేదు."

"ఇటు బకెట్ నేను పట్టుకున్న, అటు మీరు పట్టుకున్నరు. ఇంకేంది మరి?"

ట్యాంకు నిండింది. నేను లోపలికి వెళ్లి ఒక్కొక్క తొట్టి నీళ్లు మార్చాను. మందు తొట్లలో మళ్లీ కొలిచి మందు కలిపాను. మంచినీళ్ల తొట్టి అన్నిటికంటే ముందు మార్చాను. ఆ నీరసం పిల్ల మార్చిన నీళ్లలోకి దిగి, అడుగుకు పోయి, అక్కడే ఉండిపోయింది. మొప్పలు ఆడుతున్నాయా లేదా తెలియలేదు. కిటికీ అవతల గోడ మీద ఈసారి ఒక తల కాదు, వరసగా తలలు. రోడ్డు మీద అంతమంది ఉండి అంత నిశ్శబ్దం ఆ రోజుల్లో నేను మళ్లీ వినలేదు.

"మేడం, తోక దిక్కు సూడుర్రి" అన్నాడు ఆయన మెల్లగా. "తోక జెప్తది."

తోక కదిలింది. తర్వాత చేప కదిలింది. గాజు గోడ వెంట ఒక చుట్టు తిరిగి మిగతా వాటిలో కలిసిపోయింది. కాసేపటికి ఏది పెద్దసారో నాకు తెలియలేదు. కిటికీలోంచి ఆ మాటే చెప్పాను. నా వెనక అసలు పెద్దసారు, "ఎవరూ?" అన్నారు. ఆయనకు చాలా ఏళ్ల దాకా ఎవరూ చెప్పలేదు.

బయట నిజంగానే పండగ మొదలైంది. బతుకమ్మ ఇంకా రాలేదు గానీ, ఆడవాళ్లు ఖాళీ బకెట్లు మధ్యలో పేర్చి చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగారు. అవ్వ గోడ దగ్గరికి వచ్చి కొంగులోంచి గుప్పెడు మరమరాలు తీసింది.

"జర గా చేపలకెయ్యి బిడ్డా. ఆకలితోని ఉన్నట్టున్నయ్."

పరీక్ష రోజుల్లో చేపలకు మేత పెట్టకూడదు. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు. "ఒద్దవ్వా. అవి గూడ నిరాహార దీక్షల ఉన్నయ్."

అవ్వ తొట్ల వైపు గౌరవంగా చూసి మరమరాలు మళ్లీ కొంగున కట్టుకుంది.

మర్నాడు పరీక్ష ముగిసింది. మంచినీళ్ల తొట్టిలో తొమ్మిదీ బతికాయి. కంపెనీ రిపోర్టులో వాళ్ల చేప హాయిగా తిరిగిన మోతాదులో మా బొచ్చె పిల్లలు రెండో రోజుకే వెల్లకిలా తిరగబడ్డాయి. రిపోర్టు నేను రాశాను, గోడ మీంచి ఆయన వాక్యం వాక్యం విని దిద్దాడు, పెద్దసారు సంతకం పెట్టారు. సమ్మెలో ఉన్న మనిషి కాబట్టి ఆయన పేరు దానిలో లేదు. కమిటీ ఆ మందును వెచ్చటి నీళ్ల చేపల మీద పూర్తిగా పరీక్షించి మళ్లీ రమ్మంది. కంపెనీ మళ్లీ రాలేదు. మా ఉద్యోగంలో గెలుపు ఇలాగే ఉంటుందని మీరు ముందే తెలుసుకోవడం మంచిది. ఏదో జరగలేదు, అంతే. జరగనిదాన్ని ఎవరూ వచ్చి చూడరు.

పరీక్ష ముగిసిన సాయంత్రమే పదవీ విరమణ సభ గీతకు అటూ ఇటూ జరిగింది. బజ్జీల పొట్లం గీత మీద పెట్టాం. ఆయన గొంతు సవరించుకుని మాట్లాడాడు. ఈ తొమ్మిదిమంది ఉద్యోగులు తిండి లేకుండా, సెలవు పెట్టకుండా, పై అధికారులను ఎదిరించకుండా సేవ చేశారని, దూకి అమరుడైన పదోవాడిని ఎన్నటికీ మరిచిపోలేమని అన్నాడు. దుకాణదారు చప్పట్లు కొట్టాడు. బకెట్లన్నీ వాపసు చేశాం. ఒక్క ఎర్ర బకెట్ మాత్రం దుకాణదారు ఆఫీసుకే ఇచ్చేశాడు.

చేపల సంచితో మా చేపల మనిషి స్కూటరు తీశాడు. నేనూ వస్తానన్నాను. అన్నేళ్లుగా చెబుతున్న చెరువును ఒక్కసారీ చూడలేదు. చౌరస్తాలో నిన్న కట్టిన తాడు ఇంకా విప్పలేదు. కుర్రనాయకుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నా, బండి దాటొద్దు."

ఆయన నా వైపు చూశాడు. స్కూటరు అక్కడే స్టాండు వేశాడు. సంచి రెండు చేతుల్లో పట్టుకుని తాడు కింద నుంచి వంగి దాటాడు. నేనూ వంగి దాటాను. అవతల మా ట్యాంకరు డ్రైవరు, నిన్నటి నుంచి ఇరుక్కున్న లారీల మధ్య నుంచి అప్పుడే బయటపడి వెనక్కి తిరుగుతున్నాడు. ఖాళీ ట్యాంకరు ముందు సీట్లో ముగ్గురం, ఒళ్లో తొమ్మిది చేపలు, హయత్‌నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేట్ దాటి పోయాం. దారిలో ఆయన, తెలంగాణ వచ్చాక నన్ను వీసా లేకుండానే ఉండనిస్తానని హామీ ఇచ్చాడు. నేను, అప్పటిదాకా నా కిటికీ గోడ ఎక్కడానికి ఆయనకు అనుమతి ఇస్తున్నానని చెప్పాను.

చెరువు పెద్దదేం కాదు. గట్టు మీద ఆయన అన్న బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. ఈయన మోకాళ్ల లోతు దిగి సంచి మూతి విప్పి, నీళ్లు నీళ్లతో కలిసేదాకా ఆగి, మెల్లగా వంచాడు. చేపలు కాసేపు ఆయన కాళ్ల దగ్గరే ఉండి తర్వాత పోయాయి.

తర్వాత తెలంగాణ వచ్చింది. వీసా అడగలేదు. ఆయన, నేను, పెద్దసారు ఒకరి తర్వాత ఒకరం రిటైరయ్యాం. మాకు సభలు జరిగాయి, శాలువాలు కప్పారు. చేపల సభల్లో ఆయన మాట్లాడినంత బాగా మా సభల్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ సందు మొదట్లో మెట్రో స్తంభం ఉంది. దినం నాడు, తర్వాత కర్మన్‌ఘాట్‌కు మారిన వాళ్లింటి పెరట్లో, కుళాయి కింద, ఒక ఎర్ర బకెట్ చూశాను. అదేనేమో తెలియదు. ఎర్ర బకెట్లు చాలా ఉంటాయి. నేను అడగలేదు.

చేపల పరీక్షలు ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో చేస్తున్నారు. నీళ్లను అక్కడే తయారుచేసుకుంటారు, ట్యాంకరు అక్కర్లేదు. పరీక్ష ముగిశాక మంచినీళ్ల తొట్టి చేపలను కూడా మిగతావాటితో పాటే చంపి పారేయాలని నియమం వచ్చింది. వాటిని చెరువుకు తీసుకెళ్లి వదలడం ఇప్పుడు లేదు.